ఏకశబ్దలోకము: ‘కిన్-ద్జా-ద్జా’ చలనచిత్ర విమర్శ

వ్యాకరణము చదివినవానికిఁ జలనచిత్రములతోఁ బనియేమి యని చదువరులు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. ముప్పదియేండ్లకుఁ బైగా శబ్దశాస్త్రమును బాఠము చెప్పుచు వచ్చిన నేను, ఈ పత్రికలోఁ జలనచిత్రమును గూర్చి వ్రాయుదునని యెన్నఁడును దలఁపలేదు. కాని నా శిష్యుఁడొకఁడు, ఒకే యొక్క శబ్దముతో సమస్తవ్యవహారమును నడపుకొను లోకమును జూపు చిత్రమొకటి కలదనియు, దానిపై వైయాకరణుఁడు తీర్పు చెప్పవలయుననియు నన్ను నిర్బంధించెను. రష్యన్ భాష నాకు రాదు. తెరమీఁది యనువాదవాక్యముల సాయమునఁ జూచితిని. పరిహాసమునకుఁ గూర్చుంటిని, లేచునప్పటికిఁ బరిహాసము నా మీఁదికే తిరిగియుండెను. అది యెట్లో నివేదించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఆ చిత్రము పేరు ‘కిన్-ద్జా-ద్జా!’. సోవియట్ దేశమున మోస్‌ఫిల్మ్ సంస్థ నిర్మింపఁగా 1986లో వెలువడినది. దర్శకుఁడు గియోర్గి దనేలియా. ఆయనతోఁ గూడి కథను వ్రాసినవాఁడు రెవాజ్ గబ్రియాద్జే. ఇరువురును జార్జియాలోఁ బుట్టినవారు. సంగీతమును గియా కంచేలి కూర్చెను. చిత్రము రెండు భాగములు; నిడివి యించుమించుగ రెండుంబావు గంటలు. గ్రహాంతరయానము, అపూర్వయంత్రములు నుండుటచే దీనిని విజ్ఞానకల్పన యందురు. కాని యిందలి యంత్రములన్నియుఁ దుప్పుపట్టిన యినుపసామానువలె నుండును. గ్రహాంతరభూమిగఁ జూపఁబడినది తుర్క్‌మేనియాలోని కారాకుమ్ ఎడారి. మెఱుఁగులతో మోసగింపని యీ కల్పన మొదటనే నా విశ్వాసమును సంపాదించినది.

కథ సంగ్రహముగ నిది. మాస్కోనగరవీథిలో వ్లదీమిర్ అను కట్టడపుఁబనుల మేస్త్రికిని, వయొలిన్ చేతఁబట్టిన గెదెవాన్ అను జార్జియన్ విద్యార్థికిని, కాళ్లకుఁ జెప్పులు లేని దిమ్మరి యొకఁ డెదురగును. తాను వేఱొక గ్రహమునుండి వచ్చి చిక్కుకొంటిననియు, ఈ గ్రహపుసంఖ్య చెప్పినఁ దన చోటికిఁ బోఁగలననియు నాతఁడు బ్రతిమాలును. మతిచలించినవాఁడని తలఁచి వ్లదీమిర్ వాని చేతి యంత్రమునందలి మీట నొక్కును. ఱెప్పపాటున నిద్దఱు నిసుకయెడారిలో నుందురు. అది కిన్-ద్జా-ద్జా యను నక్షత్రమండలమునందలి ప్ల్యూక్ గ్రహము. అచ్చట బీ, ఊయెఫ్ అను నిద్దఱు సంచారగాయకులు తారసపడుదురు. యూరీ యాకొవ్లెవ్, యెవ్గేనీ లియోనోవ్ అను నటులు వీరి భూమికలను ధరించిరి. ఈ గాయకులు మనవారిని మోసగింతురు, విడిచిపోదురు, మరలఁ గలియుదురు. స్వగృహమునకు మరలిపోవుటకై మనవారు పడిన పాట్లే తక్కిన కథ.

రెండవ భాగారంభమునఁ బ్రేక్షకుల సౌకర్యార్థ మొక చిన్న నిఘంటువు చూపఁబడును. కేత్సే యనఁగా నగ్గిపుల్ల. త్సాక్ అనఁగా ముక్కునకుఁ దగిలించుకొను చిఱుగంట. ఎత్సీఖ్ అనఁగా ఖైదీల నుంచు పెట్టె. ఎత్సిలోప్ అనఁగా నధికారప్రతినిధి. పెపెలాత్స్ అనఁగా గ్రహాంతరనౌక. గ్రవిత్సాపా యనఁగా నా నౌకయందలి యొక యంత్రభాగము. క్యు అనఁగా నలుగురిలోఁ బలుకఁదగిన తిట్టు. కు అనఁగాఁ దక్కిన శబ్దములన్నియు. ఇంతటితో నిఘంటువు సమాప్తము. ఇంతకంటె సంక్షిప్తమైన కోశమును నే నెఱుఁగను. ఇందలి పేళ్లును వినోదార్థము కల్పింపఁబడినవే. ఎత్సిలోప్ అనుదానిని వెనుకనుండి చదివినఁ బోలీసు కానవచ్చును. పెపెలాత్స్ అనునది జార్జియన్ భాషలో సీతాకోకచిలుకకుఁ బేరైన ‘పెపెలా’ను దలఁపించును. రక్షకుఁడు తలక్రిందయ్యెను, తుప్పుడొక్కు సీతాకోకచిలుక యయ్యెను. అధిక్షేపమునకుఁ బదనిర్మాణమే యిట్లు చాలినది.

వైయాకరణునకు మొదట జ్ఞప్తికి వచ్చునది మహాభాష్యమునందలి పస్పశాహ్నికము. బృహస్పతి గురువు, ఇంద్రుఁడు శిష్యుఁడు, వేయి దివ్యవర్షములు గడువు. ఒక్కొక్క శబ్దమునే వరుసగఁ జెప్పుచుఁ బోఁగా శబ్దరాశి యంతము కానరాలేదని పతంజలి చెప్పెను. శబ్దము లనంతము లగుటచేతనే సూత్రములు కావలసివచ్చినవి. ప్ల్యూక్‌లో నైనచో నింద్రుని చదువు క్షణకాలమున ముగియును.

ఈ ‘కు’ శబ్దమునకు మన శాస్త్రములలో నున్న యర్థములను దలఁచికొని కొంతసేపు నేనును వినోదించితిని. పాణినీయమునఁ గకారాది వర్గమునకు ‘కు’ యని సంకేతము. కోశములలో ‘కు’ యనఁగా భూమి. సమాసమున ముందు నిలిచిన ‘కు’ నిందను దెలుపును. కుపురుషుఁ డనఁగా నీచుఁడు. తెలుఁగున నది షష్ఠీవిభక్తి. రష్యన్ చిత్రకారు లివేమియు నెఱిఁగి పెట్టినవారు కారు, ఇది కాకతాళీయము. అయినను భూమియు నిందయు నొక్క యక్షరమున నిమిడియుండుట, భూలోకమును నిందించుటకై పుట్టిన చిత్రమునకుఁ దగియున్నది.

ఒక్క శబ్దముతో వ్యవహార మెట్లు సాగునని ప్రశ్న. చిత్రకారులు దానికి సమాధానమును ముందే కల్పించిరి. ఆ గ్రహవాసులు పరుల మనస్సులోని తలఁపులను గ్రహింపఁగలరు. ఆ బలముచేతనే మనవారి భాషను గూడఁ ద్వరలో నేర్తురు. నానార్థశబ్దము వినఁబడినపుడు సంయోగము, వియోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము మొదలగువానిచేత నర్థము నిర్ణయించుకొందుమని భర్తృహరి చెప్పెను. తలఁపే కంటికిఁ గట్టినట్లున్నవాని కా సాధనములతోఁ బనిలేదు. సరియే. కాని మనస్సులు తెఱచియున్నచోట సత్యము వర్ధిల్లవలెనని మన మూహింతుము గదా! ప్ల్యూక్‌లో దానికి విపరీతము జరుగుచున్నది. అచ్చట మోసగింపనివాఁడే లేఁడు. ఎదుటివాని లోభము తెలియుచున్నది గనుక దానిపై వల పన్నుట మఱింత సులువైనది. పరుల మనస్సు తెలియుట వేఱు, పరులయందు మనస్సుండుట వేఱు.

కావున నా భాషాదారిద్ర్యమునకు బుద్ధిమాంద్యము హేతువు కాదు. గ్రహమునుండి గ్రహమునకు లంఘింపఁగల నౌకలు గలవారు మందబుద్ధు లెట్లగుదురు? నా సిద్ధాంతమిది. భేదమును జూపుటయే శబ్దము పని. ప్ల్యూక్ సమాజమునకుఁ జూపవలసిన భేదమొక్కటే మిగిలినది: ఎవఁడు పైవాఁడు, ఎవఁడు క్రిందివాఁడు. దీనికి నామములు, క్రియలు, కాలములు నక్కఱలేదు, లెక్క చాలును. అందుచేఁ దక్కిన శబ్దములన్నియు రాలిపోయి, ‘కు’ మాత్రము నిలిచినది. అదియైన నోటితోఁ బలికినంతమాత్రమున సిద్ధింపదు. బుగ్గలు చఱచుకొని, చేతులు చాఁచి, మోఁకాళ్లు వంచి గుంజిలి తీయవలెను. శబ్దము దండప్రణామములో లీనమైపోయినది.

ఇఁక నా భేదము దేనిపై నిలిచియున్నదో పరిశీలింతము. ప్ల్యూక్ నివాసులు రెండు తెగలు: చాత్లానులు, పాత్సాకులు. పాత్సాకులు ముక్కునకు గంట తగిలించుకొని చాత్లానుల యెదుట ‘కు’ చేయవలెను. పాడవలెనన్నఁ బంజరములోఁ గూర్చుండి పాడవలెను. ఎవఁ డే తెగవాఁడో తెలియుటకొక చిన్న యంత్రము కలదు. దానిని మనుష్యునివైపుఁ ద్రిప్పినఁ జాత్లానునకు నారింజవన్నె దీపము, పాత్సాకునకుఁ బచ్చదీపము వెలుఁగును. ఊయెఫ్ చాత్లాను, బీ పాత్సాకు; భూలోకమునుండి పోయిన మన యిద్దఱును బాత్సాకులే. ఇది జాతిభేదమా, దేహభేదమా, గ్రహభేదమా యని వ్లదీమిర్ వరుసగ నడుగును. అన్నిటికిని గాదను జవాబే. మఱి భేద మేమన్నఁ, బచ్చవన్నెకును నారింజవన్నెకును భేదము కానరాదా, నీవు వర్ణాంధుఁడవా యని యెదురుప్రశ్న వచ్చును.

నైయాయికులు లక్షణము నకవ్యాప్త్యతివ్యాప్త్యసంభవములను మూఁడు దోషములను జెప్పిరి. ఈ దీపలక్షణమున నా మూఁడును లేవు, ఎన్నఁడును దప్పదు. లేనిదెల్లను లక్ష్యమే. దీపము వెలుఁగుటకంటె వేఱుగఁ జాత్లానుత్వ మనునదేదియు వస్తువునందు లేదు. పండితులు సులభముగఁ బడు గుంట యిదియే: లక్షణము నిర్దుష్టమైనచో లక్ష్య మున్నదని నమ్ముట. ఈ హాస్యము నన్ను నవ్వించి, వెంటనే నవ్వు నాపినది.

దీపభేదముపై ధనభేదము కట్టఁబడినది. మన యగ్గిపుల్ల తలపైనుండు మందు ప్ల్యూక్‌లో నమూల్యము. అది కొంచెము కలవాఁడు పసుపువన్నె లాగు తొడుగవచ్చును. వాని యెదుటఁ బాత్సాకు గుంజిలి యొకటి కాక రెండు తీయవలెను. మిక్కిలిగఁ గలవాఁ డెఱ్ఱనిలాగు తొడుగును. వానికిఁ జాత్లానులు సైతము ‘కు’ చేయుదురు, రాత్రులందు వానిని గొట్టుటకు రక్షకభటున కధికారము లేదు. కొట్టఁబడకుండుట యచ్చటఁ బరమపురుషార్థము! సముద్రముల నీరంతయు లూత్స్ అను నింధనముగ మార్చివేయఁబడినది. త్రాగుటకు నీరు కావలెనన్న నా యింధనమునుండియే తీసికొనవలెను. సర్వాధికారియైన ప్జే మహాశయుఁడు జీవించియే యున్నాఁడు, కాని యాతని తుదియూర్పు పెద్ద గాలిబుడగలో నిప్పుడే భద్రపఱుపఁబడి పూజలందుకొనుచున్నది. ఆ ప్రభువును దుదకుఁ జూచినపుడు, చిన్న నీటితొట్టిలో జలకమాడు నిరపాయుఁడైన సోమరి కనఁబడును. క్రౌర్య మాతనియందు లేదు. ఆతని పేరు చెప్పి యొండొరులను వంచుకొనువారియందున్నది.

చిత్రమునుగూర్చి రెండు పూర్వపక్షములు గలవు. ఇది సోవియట్ పరిపాలనముపై నధిక్షేపమని యొకరు. ధనమే దైవమైన వాణిజ్యసమాజముపై నధిక్షేపమని వేఱొకరు. మొదటివారు భటులను, స్తుతివాక్యములను, ఖైదుపెట్టెలను జూపుదురు. రెండవవారు నీటికిని, గాలికిని వెలకట్టుటను జూపుదురు. ఇద్దఱు చూపునవియుఁ జిత్రమున నున్నవే. మొదటివాదమున కనుకూలముగ నొక వృత్తాంతమును గలదు. 1984లోఁ గొన్‌స్తన్తీన్ ఉస్తీనొవిచ్ చెర్నేన్కో సోవియట్ పక్షమునకుఁ బ్రధానకార్యదర్శి యయ్యెను. ఆతని పేరునకును, బితృనామమునకును మొదటి యక్షరములు చేర్చినచో రష్యన్ లిపిలో ‘కు’ యగును. ఈ శబ్దమును మార్పవలసివచ్చునేమో యని తాము కలఁతపడితిమని దనేలియా తరువాతి కాలమునఁ జెప్పెను. 1985 మార్చిలోఁ జెర్నేన్కో మరణించెను, ‘కు’ బ్రతికెను. ఒక్క యక్షరమునకు రాజ్యము భయపడునేమో యని భయపడవలసిన స్థితియే ప్ల్యూక్ స్థితి యని యొప్పుకొందును.

అయినను నీ రెండు పక్షములును నాకు సమ్మతములు కావు. సోవియట్ రాజ్యము 1991లో నంతరించినది. దానిని వెక్కిరించుటయే ప్రయోజనమైనచోఁ జిత్రమును దానితో నంతరింపవలెను. అట్లు కాలేదు. దీనియందలి మాటలు రష్యన్ జనవ్యవహారమునఁ జేరినవి. దనేలియాయే 2013లో దీనిని బొమ్మలచిత్రముగ మరల నిర్మించెను. రెండు పక్షములయందును గల దోష మొక్కటే: దోషము పరులయందున్నదని చెప్పి ప్రేక్షకుని విడిచిపెట్టుట. నేను విడువఁబడలేదు. అది చెప్పక తప్పదు.

అష్టాధ్యాయియందుఁ బ్రత్యభివాదనమును గూర్చిన సూత్రమొకటి కలదు. నమస్కరించినవానికి బదులు పలుకునపుడు వాక్యాంతస్వరమును బ్లుతముగ, అనఁగా మూఁడుమాత్రల కాలము, పలుకవలెను. నమస్కరించినవాఁడు శూద్రుఁడైనచో వలదు. స్త్రీలకును, అసూయాపరులకును గూడ వలదని వార్తికకారుఁడు చేర్చెను, రాజన్యవైశ్యులకు వికల్పమనెను. ఒకనికి నిత్యము, ఇద్దఱికి వికల్పము, తక్కినవారికి నిషేధము. ఈ సూత్రమును నేను ముప్పదియేండ్లు చెప్పితిని. ఉదాహరణములు చెప్పితిని, ప్రత్యుదాహరణములు చెప్పితిని, ప్లుతోచ్చారణము తప్పినవారిని దిద్దితిని. కొన్నియేండ్ల క్రిందట, వార్తికము చెప్పుచుండఁగా నొక విద్యార్థిని, “అయితే నాకుఁ బ్లుతము లేదా యండీ?” అని యడిగినది. తరగతిలోఁ గొందఱు నవ్విరి. “శాస్త్ర మట్లున్నదమ్మా” యని నేను ముందటి సూత్రమునకుఁ బోతిని. ఆ బాలిక మరల నే ప్రశ్నయు నడుగలేదు.

చిత్రమున వ్లదీమిర్‌నకు వచ్చిన జవాబు వినఁగానే నా జవాబు నాకు వినఁబడినది. పచ్చకును నారింజకును భేదము కానరాదా యనుటయు, శాస్త్ర మట్లున్నదనుటయు నొక్కటే. వారు గౌరవమును గుంజిళ్లతోఁ గొలిచిరి. మనము మాత్రలతోఁ గొలిచితిమి. వారిది నవ్వుటకుఁ దగినదైనచో మనది నవ్వుటకుఁ దగకుండుటకుఁ గారణ మేమి?

శాస్త్రపక్షమున నొక సమాధానము కలదు. దానిని దాఁచుట ధర్మము కాదు. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవును గాని, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని పతంజలియే చెప్పెను. శాస్త్రము లోకమునందున్న వాడుకను జెప్పును, వాడుకను బుట్టింపదు. పాణిని నాఁటి లోకమున నమస్కార మట్లుండెను. ఆయన యున్నదానిని జెప్పెను. దీని నంగీకరింతును. ఆయన సాక్షి. కాని సాక్ష్యమును విధిగఁ జెప్పినవాఁడను నేను. “ఒకకాలమున మనవారిట్లు కొలిచిరి, ఇదిగో రుజువు” అని చెప్పవలసినచోట, “ఇట్లున్నది” యని చెప్పి యూరకుంటిని. ఆ కొలఁతలోఁ బ్లుతము దక్కనివారి వంశమువారు నా యెదుటనే కూర్చుండి వినిరి.

చిత్రమున లోపములు లేకపోలేదు. రెండవ భాగమున బంధించుట, తప్పించుకొనుట, మరల బంధింపఁబడుట పలుమాఱు లావృత్తమై విసువు పుట్టించును. స్త్రీపాత్రలు మిక్కిలి స్వల్పములు. అంతస్తులను వెక్కిరించిన చిత్రమునకే యీ యంతస్తు కనఁబడలేదు. వార్తికకారునివలెఁ జిత్రకారులును స్త్రీలను మినహాయించిరని యనవలసియున్నది. అయినను ఆల్ఫా యను గ్రహపు ఘట్టము వీనికిఁ బరిహారము. అది పచ్చని చెట్లతో, శుభ్రవస్త్రములతో, మృదుభాషణములతో నొప్పు లోకము. అచ్చటివారికి శబ్దములకుఁ గొదువ లేదు. కాని వారు ప్ల్యూక్ వాసులను బాపాత్ములని నిశ్చయించి, వారి మేలుకొఱకే యని చెప్పుచు జెముడుమొక్కలుగ మార్తురు. బీ, ఊయెఫ్‌ల కదే గతి పట్టఁబోఁగా, వ్లదీమిర్, గెదెవానులు తాము నేరుగ నింటికిఁ బోవు నవకాశమును విడిచి, తమ్మును బలుమాఱు మోసగించిన యా యిద్దఱిని గాపాడుటకై మరలఁ బ్ల్యూక్‌నకుఁ బోవుదురు. ఒక్క శబ్దము గలవాఁడును, వేయి శబ్దములు గలవాఁడును నొక్కరీతిగనే పరులను దృణీకరింపఁగలరని యిందువలనఁ దేలుచున్నది. శబ్దసమృద్ధి సంస్కారమునకుఁ బ్రమాణము కాదు. ఇది పండితులు వినవలసిన మాట.

తుదిఘట్టము నా మనస్సును విడువకున్నది. దిమ్మరి మరలఁ గనఁబడి యిద్దఱిని భూలోకమునకుఁ బంపును. కాలము వెనుకకుఁ దిరిగినది. జరిగినది వారికి జ్ఞప్తిలో లేదు. మాస్కోవీథిలో నపరిచితులవలె నెదురుపడుదురు. అంతలో నారింజవన్నె దీపము మినుకుమినుకు మనఁగా నొక బండి ప్రక్కగఁ బోవును. ఆ వెలుఁగు కంటఁబడఁగానే యిద్దఱును దమకుఁ దెలియకయే చేతులు చాఁచి, మోఁకాళ్లు వంచి, ‘కు’ అందురు. తరువాత నొకరినొకరు చూచికొని గుర్తింతురు. జ్ఞాపకము పోయినను సంస్కారము పోలేదు. శాకుంతలమున నుంగరముచేసిన పనిని నిచ్చట నీ దాస్యశబ్దము చేసినది.

దాస్యమునకుఁ బుట్టిన శబ్దమే స్నేహమునకు గుర్తయ్యెను. శబ్దము మాఱలేదు, గుంజిలియు మాఱలేదు. పలికిన యిద్దఱి నడుమ నున్న సంబంధము మాఱినది. ఎదుటివానికి వంగినవారు కారు. కలిసి పడిన కష్టమునకు వంగినవారు. కావున నపరాధము శబ్దమున లేదు, ప్లుతమునను లేదు. ఒకనికిచ్చి యొకనికి నీయకపోవుటలో నున్నది.

వచ్చు పాఠవత్సరమున నా సూత్రము మరల వచ్చును. దానిని విడువను, సాక్ష్యమును జింపివేయుట పండితధర్మము కాదు. కాని సూత్రము చెప్పి, నిషేధము చెప్పి, వార్తికము చెప్పి, పిమ్మట నా బాలిక యడిగిన ప్రశ్నను గూడఁ జెప్పుదును. నమస్కరించిన విద్యార్థు లెవరైనను, స్త్రీలైనను బురుషులైనను, నా బదులు మూఁడుమాత్రలు నిండుగ నుండును.